సొరల బోటులో ముప్పై రోజుల నిజం

జూన్ 1, ఆదివారం
సాయంత్రం 4.00

రేపటి నుంచి ముప్పై రోజులు అబద్ధం చెప్పను. ఒక్కటి కూడా! కాగితం మీద రాశాను. నేను సంతకం పెట్టాను, నా కూతురు షాండ్రే సంతకం పెట్టింది. ఫ్రిజ్ తలుపుకి అంటించాం.

కారణం రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది. శుక్రవారం హెడ్మాస్టరు హార్ట్‌నిక్ గారు బడికి పిలిపించారు. షాండ్రే హోంవర్కు పుస్తకం తేలేదట. ఏమైందని అడిగితే సొరచేప తినేసిందని చెప్పిందట. ఊరికే సొర అనలేదు. ఆడ సొర, నాలుగు మీటర్లు, ఎడమ రెక్క మీద గాటు, ఉదయం పదీ ఇరవైకి.

"పన్నెండేళ్ల పిల్లవి, ఇంత వివరంగా అబద్ధమాడటం ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగాను" అన్నారాయన. "మా అమ్మ రోజూ మైకులో చెప్తుంది సార్, దానికి జీతం కూడా ఇస్తారు, అంది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన నన్నే చూస్తున్నారు.

నా పని అదే మరి. పదకొండేళ్లుగా 'మార్తా' బోటు మీద మైకు నాది. కేప్‌టౌన్ నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లని బోనులో నిలబెట్టి, నీళ్లలోకి దించి, తెల్ల సొరల్ని చూపిస్తాం. చూపించేవాళ్లం. రెండు ఓర్కా తిమింగలాలు వచ్చి సొరల కార్జం మాత్రం నంజుకుని మిగతా శవాన్ని ఒడ్డుకి వదిలేయడం మొదలెట్టాక, తెల్ల సొరలు మా ఊరు గాన్స్‌బాయి ఖాళీ చేసి పోయాయి. ఇప్పుడొచ్చేవి రాగి సొరలు. అవీ సొరలే, అవీ కరుస్తాయి. కానీ రాగి సొర కోసం తెల్లారకుండా లేచి బస్సెక్కేవాడు ఎవడూ లేడు. అందుకని మైకుకి పని పెరిగింది.

రోజూ నేను చెప్పే అబద్ధాలు (షాండ్రే చెప్తుంటే రాశాను):
1. నిన్న నాలుగు వచ్చాయి.
2. నీళ్లు మరీ అంత చల్లగా ఏమీ ఉండవు.
3. ఈ మాత్ర వేసుకుంటే వాంతి రాదు.
4. ఈ ఈత సూటు మీ కోసమే కుట్టినట్టుంది.
5. అదిగో! (ఏమీ లేనప్పుడు)

ఐదే! ఐదు మానడం ఎంతసేపు? ఈ ఊళ్లో సిగరెట్లు మానినవాళ్లున్నారు.

జూన్ 2, సోమవారం

ఉ. 5.45. లేచాను. ఒళ్లు తేలిగ్గా ఉంది. నిజం చెప్పడంలో బరువు తగ్గించే గుణం ఉందేమో!

ఉ. 8.10. ఇరవై ముగ్గురు అతిథులు. మైకు పట్టుకుని చెప్పేశాను. "నేను తెల్ల సొరని చూసి ఇవాల్టికి రెండు వందల పదకొండు రోజులు. ఇవాళ వస్తుందని నాకు నమ్మకం లేదు. రాగి సొరలు రావచ్చు. నీళ్లు పన్నెండు డిగ్రీలు, ఎముకలు కొరుకుతాయి. మీలో సగంమంది వాంతి చేసుకుంటారు."

ఎర బకెట్టులో చేప నెత్తురు కలుపుతున్న మా మరిది ఫ్లిప్పీ చెయ్యి ఆపేశాడు.

"వదినా, ఒంట్లో బాగానే ఉందా?"

ఉ. 8.20. ముగ్గురు దిగిపోయారు.

మ. 12.15. రాగి సొరలు రెండు వచ్చాయి. వాంతులు పద్నాలుగు. కానీ దిగేటప్పుడు ఒక ముసలావిడ, హాలెండ్ నుంచి వచ్చిందట, నా చెయ్యి పట్టుకుని ఏమందో తెలుసా? "నలభై దేశాలు తిరిగాను. నాకు నిజం చెప్పిన మొదటి గైడువి నువ్వే."

సా. 5.00. ఫ్రిజ్ మీద మొదటి టిక్కు! ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో మొదలెట్టేదాన్ని.

జూన్ 3, మంగళవారం

వాయవ్యం గాలి. బోట్లు కదల్లేదు. మైకు లేదు కాబట్టి అబద్ధమూ లేదు. సెలవు రోజున వ్రతం చేయడం ఎంత హాయి!

మ. 1.00. పక్కింటి హెస్టర్ పిన్ని వచ్చింది. నేను బోటు మీద ఉంటే షాండ్రేని బడి నుంచి తీసుకొచ్చేది ఆవిడే. చర్చికని కొత్త టోపీ కొనుక్కుంది. పెట్టుకుని ఇటు తిరిగింది, అటు తిరిగింది.

"ఎలా ఉందే మారిల్డా?"

కాగితం వైపు చూశాను. షాండ్రే సంతకం కనిపించింది.

"కొంగ కూర్చున్నట్టుంది పిన్నీ."

మ. 3.30. పిన్నికి ఇకమీదట బడి దాకా నడవడం కుదరదట. మోకాళ్ల నొప్పులట. (ఇది పచ్చి అబద్ధం. కాకపోతే ఆవిడ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.)

జూన్ 5, గురువారం

బోటు యజమాని, కెప్టెను, ఫాన్ బాబాయ్ పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. నా పెళ్లిలో నలభై స్నూక్ చేపలు నిప్పుల మీద తనే నిలబడి కాల్చాడు. ఇవాళ మాత్రం మొహం ఆ చేపల్లాగే ఉంది.

"శనివారానికి ఎంతమందో తెలుసా? ఐదుగురు. బోటు మీద మనం ఆరుగురం. వాళ్లే మనల్ని చూసి పోవాలి."

"నిజం చెప్తున్నాను బాబాయ్, అంతే."

"నిన్ను పెట్టుకుంది మాట్లాడటానికమ్మా, సాక్ష్యం చెప్పడానికి కాదు! అతిథుల్ని పంపే హోటలావిడ ఫోన్ చేసింది. మీ బోటులో మైకు పట్టుకున్న మనిషికి ఏదో దుఃఖం ఉన్నట్టుంది, సెలవివ్వండి అంది. ఇలాగే సాగితే ఆగస్టులో బోటు పీతల వేటకి అద్దెకిచ్చేస్తాను. పీతలకి మైకు అక్కర్లేదు."

ఇంటికొస్తూ ఆలోచించాను. మా ఆయన చేపల ట్రాలరు మీద ఆరు వారాలకొకసారి ఇంటికొస్తాడు. ఆయన జీతం ఒక్కటీ చాలదు. ఫ్లిప్పీకి ఇద్దరు పిల్లలు. నేను మాటిచ్చింది అబద్ధం చెప్పనని. నిజం చెప్పి తీరతానని కాదు కదా! నోరు మూసుకుంటే సరి. పాము చావాలి, కర్ర విరగకూడదు.

జూన్ 6, శుక్రవారం

ఉ. 10.30. రాగి సొర వచ్చింది. బోనులో ఉన్నవాళ్లు "తెల్ల సొర! తెల్ల సొర!" అని అరిచారు. నేను మైకులో "ఎడమ వైపు చూడండి" అన్నాను. అది ఎడమ వైపే ఉంది. నూటికి నూరుపాళ్లు నిజం.

సా. 5.30. షాండ్రేకి చెప్పాను. అన్నం తినడం ఆపి ఆలోచించింది.

"వాళ్లు తప్పనుకుంటున్నారని నీకు తెలుసా?"

"తెలుసు."

"అయితే అది మూగ అబద్ధం."

సగం టిక్కు పెట్టింది. ఈ పిల్ల పెద్దయ్యాక జడ్జి అవుతుంది, నన్నే ముందు జైల్లో పెడుతుంది.

జూన్ 7, శనివారం

ఐదుగురు అతిథులు. నలుగురు అన్నదమ్ములు, వాళ్ల నాన్న. బ్లూమ్‌ఫోంటెయిన్ నుంచి పదిగంటలు కారు నడుపుకుంటూ వచ్చారు. ఆ పెద్దాయన బోనులోంచి తల పైకెత్తి, నీళ్లు కారుతున్న మొహంతో అడిగాడు, "చెల్లమ్మా, అది తెల్లదేనా?"

పదిగంటల ప్రయాణం! నీలంగా మారిన పెదాలు!

"గొప్ప సొర సార్! కడుపు చూశారా, ఎంత తెల్లగా ఉందో!"

కడుపు నిజంగానే తెల్లగా ఉంది. ఏ సొరకైనా అంతే.

ఫాన్ బాబాయ్ స్టీరింగు దగ్గర్నుంచి బొటనవేలు చూపించాడు. ఫ్లిప్పీ నా పక్కకొచ్చి, "వదినా, నీ నాలిక ఈల్ చేపకన్నా బాగా మెలికలు తిరుగుతోంది" అన్నాడు.

షాండ్రేకి ఈ విషయం చెప్పలేదు. అడగలేదు కాబట్టి.

జూన్ 10, మంగళవారం

ఉ. 7.50. సూటు (4). ఆ మనిషికి నిజం చెప్తే ఏడ్చేసేవాడు.
ఉ. 8.05. మాత్ర (3). నమ్మకంతో వేసుకుంటేనే పనిచేస్తుందట. అంటే వైద్యం.
ఉ. 8.40. చల్లదనం (2). నేను నీళ్లలో దిగను కాబట్టి నాకు చల్లగా లేవు.
ఉ. 9.30. "అదిగో!" (5) రెండుసార్లు. దేనినీ చూపించలేదు. అదిగో అన్నానంతే.
ఉ. 9.50. నిన్న నాలుగు (1). నిన్న నాలుగు సీల్ పిల్లలు వచ్చాయి. ఏం వచ్చాయో నేను చెప్పలేదు.

సాయంత్రం కాగితం మీద కొత్త షరతు రాశాను: 'డ్యూటీలో చెప్పేవి లెక్కలోకి రావు.' షాండ్రే చదివింది.

"బడి నా డ్యూటీ కదమ్మా?"

"అవును."

"అయితే మరి సొర పుస్తకం తినడం కూడా లెక్కలోకి రాదు."

షరతు కొట్టేశాను. మర్నాటి నుంచి సరిగ్గా ఉంటానన్నాను. అలా అన్నది కూడా లెక్కలోకి వస్తుందా అని అడిగింది.

జూన్ 11, బుధవారం

ఫాన్ బాబాయ్‌కి ఎవరో సలహా ఇచ్చారట, బోటుకి మంచిపేరు రావాలంటే బడిపిల్లల్ని ఉచితంగా తీసుకెళ్లమని. ఎల్లుండి వస్తున్నారు. ఏ బడి? మా బడి. ఏ తరగతి? షాండ్రే తరగతి. ఎవరు తీసుకొస్తారు? హార్ట్‌నిక్ గారు స్వయంగా.

జ్వరం వచ్చిందని చెప్పి మానేద్దామా? అది అబద్ధమవుతుంది. నిజంగా జ్వరం తెచ్చుకోవాలంటే ఏం చేయాలి?

జూన్ 13, శుక్రవారం
సాయంత్రం 6.00

తడి బట్టలు కూడా మార్చుకోలేదు. అక్షరాలు వంకరగా వస్తే రానీ.

పొద్దున్న ఇరవై నాలుగు మంది పిల్లలు, హార్ట్‌నిక్ గారు. ఇవాళ ఒక్క అబద్ధమైనా దొర్లకూడదని నిశ్చయించుకున్నాను. "తెల్ల సొరలు రావు పిల్లలూ, రాగి సొరలు వస్తాయి" అని ముందే చెప్పాను. హార్ట్‌నిక్ గారు తలాడించారు. షాండ్రే నా వైపు చూసి నవ్వింది. ఎన్నాళ్లయింది అలా నవ్వి!

బోనులోకి ఆరేసిమంది. బోను బోటుకి ఎడమ పక్కనే కట్టి ఉంటుంది, పైన తెరిచి ఉంటుంది. తలలు నీళ్ల పైన పెట్టుకుని నిలబడతారు, నేను "దిగండి" అనగానే ఊపిరి బిగబట్టి మునుగుతారు. రెండో జట్టులో షాండ్రే, దాని స్నేహితురాలు ఎల్జాన్ పక్కపక్కన. ఎల్జాన్ దిగిన దగ్గర్నుంచీ ఏడుస్తోంది. భయం కాదు, చలి అంటోంది.

రాగి సొరలు రెండు తిరుగుతున్నాయి. ఫ్లిప్పీ తాడుకి కట్టిన ట్యూనా తలకాయ విసురుతున్నాడు. ఉన్నట్టుండి రాగి సొరలు రెండూ మాయమయ్యాయి. ఎవరో తరిమినట్టు. ఫ్లిప్పీ తాడు లాగడం ఆపి నా వైపు చూశాడు.

అప్పుడు నీళ్ల అడుగున నేల పైకి లేస్తున్నట్టనిపించింది.

నాకు తెలుసు. పదకొండేళ్లు. వెడల్పు చూడగానే తెలుసు. నాలుగు మీటర్లకి పైనే. తొందర లేకుండా, ఇంటి యజమానిలా పైకొచ్చింది. ఫాన్ బాబాయ్ స్టీరింగు వదిలి బయటికొచ్చాడు, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రెండు వందల ఇరవై రెండు రోజులు!

ఎల్జాన్ దాన్ని చూసింది. ఒక మోకాలు బోను అంచు మీదికి తెచ్చింది. ఒక చెయ్యి కడ్డీల బయట ఉంది. మిగతావాళ్లు ఎల్జాన్‌నే చూస్తున్నారు. పైన పద్దెనిమిది మంది పిల్లలు నన్ను చూస్తున్నారు. నేను ఆ మాట అంటే ఆ పద్దెనిమిది మందీ ఎడమ పక్కకి పరిగెత్తుతారు. బోనులో ఆరుగురూ ఒకరి మీదొకరు ఎక్కుతారు. చేతులు, కాళ్లు బయట. వాళ్లలో ఒకటి నా పిల్ల.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"రాగి సొర. రోజూ వచ్చేదే. కాస్త బాగా తిన్నట్టుంది. ఎల్జాన్ తల్లీ, కాలు లోపలికి, కింద కడ్డీ మీద పెట్టు. చేతులు లోపలికి. శెభాష్. షాండ్రే, దాని చెయ్యి పట్టుకో. ఎవరూ మునగక్కర్లేదు. పైవాళ్లు ఎక్కడివాళ్లక్కడ కూర్చోండి, ఇంకొకటి కుడివైపు వస్తుంది, చూద్దాం."

నా గొంతు ఎంత మామూలుగా ఉందంటే, నేనే సగం నమ్మాను. పదకొండేళ్ల సాధన ఊరికే పోలేదు.

అది బోను చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఒకసారి ముక్కుతో నెట్టింది. కడ్డీలు కిర్రుమన్నాయి. ఫ్లిప్పీ ట్యూనా తలకాయని బోటుకి అవతలి పక్కకి విసిరాడు. అటు వెళ్లింది. ఆరుగురినీ ఒక్కొక్కరినే, నెమ్మదిగా, పైకి లాగాం.

తర్వాత వెనక్కి వెళ్లి చేపల పెట్టె మీద కూర్చున్నాను.

హార్ట్‌నిక్ గారు వచ్చారు. ఫోనులో అంతా తీశారట. నా చెయ్యి పట్టుకున్నారు.

"మారిల్డా గారూ, ఇవాళ మీ నిజాయితీ కళ్లారా చూశాను. అంత పెద్ద సొర! ఇంకొకరైతే దాన్నే తెల్ల సొర అనేవారు. మంగళవారం ప్రార్థనలో పిల్లలందరికీ మీ గురించి చెప్తాను."

నేను పిల్లల తువ్వాళ్లు మడతపెట్టడం మొదలెట్టాను.

జూన్ 14, శనివారం

ఉ. 9.00. హార్ట్‌నిక్ గారు ఆ వీడియోని తల్లిదండ్రులందరికీ పంపారు. కింద 'నిజాయితీకి నిదర్శనం' అని రాశారు. మధ్యాహ్నానికి ఊరంతా చూసింది.

మ. 1.00. ఫాన్ బాబాయ్ నేరుగా మా వంటింట్లోకే వచ్చాడు.

"నా బోటుకి ఏడు నెలల తర్వాత తెల్ల సొర వచ్చింది. వీడియో ఉంది. వెలుగు ఉంది. పళ్లు కనిపిస్తున్నాయి. దాని మీద ఏం వినిపిస్తోంది? నీ గొంతు! రాగి సొర, రోజూ వచ్చేదే!"

"పిల్లలు బోనులో ఉన్నారు బాబాయ్."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అది నాకు తెలుసమ్మా. నేనైనా అదే చేద్దును. కానీ పైకొచ్చాక చెప్పొచ్చుగా! ఇప్పుడెళ్లి ఆ మాస్టారికి నిజం చెప్పు."

"మొన్న నిజం చెప్పొద్దన్నావు."

"మొన్న నిజం అమ్ముడుపోలేదు!"

గుమ్మంలో నిలబడ్డ ఫ్లిప్పీ పగలబడి నవ్వాడు. "లేనప్పుడు ఉందన్నావు, ఉన్నప్పుడు లేదన్నావు. పాపం ఆ సొర ఏమనుకుని ఉంటుంది వదినా?"

చెప్తాను. ఇవాళ కాదు. శనివారం మాస్టారు విశ్రాంతి తీసుకుంటారు.

జూన్ 15, ఆదివారం

చర్చిలో నలుగురు నా చెయ్యి పట్టుకుని అభినందించారు. హెస్టర్ పిన్ని, కొంగతో సహా, నన్ను కౌగిలించుకుంది. "నా టోపీ గురించి నిజమే చెప్పావని ఇప్పుడు నమ్ముతున్నాను" అంది. షాండ్రేని మళ్లీ తీసుకొస్తుందట. ఇలాంటప్పుడు నిజం చెప్పి ఆవిడ మనసు విరవడం న్యాయమా?

రేపు యువజన దినం, బడికి సెలవు. కాబట్టి రేపూ కుదరదు.

మ. 3.00. టీ తాగుతూ కాగితం చూశాను. శుక్రవారం గడి ఖాళీగా ఉంది. టిక్కు లేదు, ఇంటూ లేదు.

"శుక్రవారం ఏం పెట్టలేదేంటే?"

షాండ్రే బ్రెడ్డుకి జామ్ రాస్తోంది. తలెత్తలేదు.

"ఏం పెట్టాలో తెలీలేదు. రాగి సొర కన్ను అంత నల్లగా ఉండదమ్మా."

కప్పు కింద పెట్టేశాను.

"నీకు అప్పుడే తెలుసా?"

"నువ్వు రాగి సొర అనగానే తెలిసిపోయింది. అది నిజంగా రాగి సొరయితే నువ్వు తెల్లది అనేదానివి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ నీళ్లలో, ఆ చలిలో, నా మాటని తిరగేసి చదువుకుని, తెలిసి నిలబడింది నా పిల్ల.

"మరి అరవలేదేం?"

"ఎల్జాన్ నా చెయ్యి నలిపేస్తోంది. అది తెల్లదా అని అడిగింది. కాదే, అమ్మ చెప్పింది కదా అన్నాను." జామ్ కత్తి నాకింది. "నేనూ సంతకం పెట్టాను కదా. అందుకని నీకొక్కదానికే ఇంటూ పెట్టడం బాగోదని ఊరుకున్నాను."

దాన్ని దగ్గరికి లాక్కున్నాను. జామ్ అంతా నా జాకెట్టుకి అంటింది.

జూన్ 17, మంగళవారం

ఉ. 7.45. బడి ప్రార్థన. హార్ట్‌నిక్ గారు నా గురించి మొదలెట్టేలోపే ముందుకెళ్లాను. ఈసారి మైకు లేదు.

"శుక్రవారం మీరు చూసింది తెల్ల సొర. నేను అబద్ధం చెప్పాను. మీరు కదలకుండా ఉండాలని చెప్పాను."

మాస్టారి చేతిలోని కాగితం కిందికి జారింది. ఉపన్యాసం రాసుకున్నట్టున్నారు, రెండు వైపులా. ఆయన వంగి తీసుకునేలోపే ఎల్జాన్ బెంచీ ఎక్కింది.

"నేను దాని ముక్కు ముట్టుకున్నాను!"

"నేను పళ్లు లెక్కపెట్టాను, రెండు వందలు!"

"నన్ను చూసే వెనక్కెళ్లింది!"

పది నిమిషాల్లో సొర ఆరు మీటర్లయింది. పావుగంటకి రెండు సొరలయ్యాయి. ఎవరూ ముట్టుకోలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. సగంమంది అటుపక్క కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. హార్ట్‌నిక్ గారు ఆ గోలంతా చూసి, నా వైపు తిరిగి, చాలా మెల్లగా అడిగారు.

"మారిల్డా గారూ, మీ బోటులో ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి?"

తర్వాత గేటు దాకా వచ్చి, "మీ స్థానంలో నేనుంటే నాకు గొంతు పెగిలేది కాదు" అన్నారు. వీడియో కింద రాసింది మారుస్తారట. ఏమని మార్చాలో ఆలోచిస్తున్నారట.

సా. 5.15. పాత కాగితం తీసేశాం. పదహారు గళ్లలో టిక్కులు నాలుగున్నర. కొత్త కాగితం. షాండ్రే స్కేలు పెట్టి ముప్పై గళ్లు గీసింది. సంతకాలు పెట్టాం. రేపటి నుంచి అన్నాను. ఇప్పటి నుంచే అంది.

సరే, ఇప్పటి నుంచే. ముప్పై రోజులు. ఒక్కటి కూడా చెప్పను!

పెన్సిల్ మొదటి గడి మీద ఆనించి అడిగింది. "అమ్మా, నేను బోనులో ఉన్నప్పుడు నీకు భయమేసిందా?"

లేదనబోయాను. అలవాటు.

"వేసింది. ప్రాణం పోయింది."

టిక్కు పెట్టింది.